జుమ్మేరాత్ బజార్‌లో పొరపాటున కొన్న లెన్స్

నేను ఒక లెన్స్‌ని. కెమెరా లెన్స్ అనుకుని మురిసిపోకండి. నన్ను కొన్న మనిషి కూడా సరిగ్గా అలాగే పొరబడ్డాడు, ఆ కథే చెప్పబోతున్నాను. నేను ఎన్‌లార్జర్ లెన్స్‌ని. అంటే ఫోటో తీసేదాన్ని కాదు, ఎవరో తీసిన ఫోటోను పెద్దది చేసేదాన్ని. ఫిల్మ్ రీళ్ల కాలంలో ప్రతి స్టూడియో వెనకా ఒక చీకటి గది ఉండేది. అందులో నిలువు కమ్మీకి బిగించిన దీపపు బుట్ట ఒకటి. ఆ దీపం కింద నెగెటివ్, అడుగున కాగితం, రెండింటి మధ్య నేను. పైనుంచి వెలుతురు పడితే నెగెటివ్‌లోని బొమ్మను కాగితం మీద పరచడం నా ఉద్యోగం. జీవితమంతా మనుషుల ముఖాలు చూశానుగానీ ఎదురుగా నిలబడిన మనిషిని మాత్రం చూడలేదు.

నా పుట్టుక గురించి నాకు తెలిసింది తక్కువ. నుదుటి చుట్టూ ఏదో విదేశపు ఊరి పేరు చెక్కి ఉండేది, సగం అరిగిపోయింది. అక్కడెవరో ఒకావిడ నాలుగు గాజు బిళ్లలను ఇత్తడి గొట్టంలో కూర్చి, దుమ్ము పోయేలా ఒక్కసారి ఊది, డబ్బాలో పెట్టి మూత వేసింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్నది ఆ ఊదిన గాలి ఒక్కటే.

మూత మళ్లీ తెరుచుకున్నది కరీంనగర్‌లో, సిలివేరు రాజమౌళి స్టూడియోలో. ఇరవై రెండేళ్లు అక్కడ ఎర్రబల్బు వెలుగులో పనిచేశాను. నెగెటివ్‌లో మనుషుల రంగులన్నీ తారుమారుగా ఉంటాయి. నల్లజుట్టు తెల్లగా, తెల్లచొక్కా నల్లగా కనిపిస్తుంది. అందుకని ఒంటి రంగు గురించి మనుషులు పడే ఆరాటం నాకు మొదటి నుంచీ అంతుపట్టలేదు. రాజమౌళికి మాత్రం బాగా తెలుసు. పెన్సిల్ ములికిని సూదిలా చెక్కి, నెగెటివ్ మీద వంగి, మశూచి గుంటలూ పుట్టుమచ్చలూ మాయం చేసేవాడు. పెండ్లిచూపులకు ఫోటో దిగడానికి వచ్చిన ప్రతివాళ్లనూ “మచ్చ ఉంచాల్నా, తియ్యాల్నా?” అని మర్యాదగా అడిగేవాడు. ఉంచమన్నవాళ్లు నాకు గుర్తులేరు. ఉన్నది ఉన్నట్టు వేయడం నా పని, ఉన్నది లేకుండా చేయడం ఆయన పని. అయినా ఇద్దరం ఒకే గదిలో ఏ గొడవా లేకుండా బతికాం. మంచివాడు.

తరవాత రంగు ఫోటోల లాబ్‌లు వచ్చాయి, ఆ తరవాత ఫిల్మే పోయింది. రాజమౌళి చీకటి గది ఒక రోజు జిరాక్స్ గది అయింది. ఎన్‌లార్జర్ తూకానికి పోయింది. పాత సామాను కొనేవాడు నన్ను విడిగా ఊడదీసి, బిస్కెట్ డబ్బాలో మరమేకులతోపాటు పడేశాడు. అలా చేతులు మారి మారి హైదరాబాద్ చేరాను. అక్కడ గురువారం గురువారం జరిగే జుమ్మేరాత్ బజార్‌లో ఖాజాభాయ్ నీలం టార్పాలిన్ మీద నాకు చోటు దొరికింది. ఒక పక్క తీగ లేని ఇస్త్రీపెట్టె, ఇంకో పక్క ఒంటికన్ను బైనాక్యులర్.

పాత కెమెరా సామాను కొనేవాళ్లది ఒక వింత జాతి. వాళ్లు కావలసిన వస్తువు వంక చూడరు. చూస్తే ధర పెరుగుతుందని భయం. పక్కనున్న ఇస్త్రీపెట్టె ధర అడుగుతారు, తాళంకప్పను తిప్పి చూస్తారు, చివరికి పోతూ పోతూ “ఇదేంది?” అని నిర్లక్ష్యంగా లెన్స్‌ను చేతిలోకి తీసుకుంటారు. తీసుకున్నాక వేరే మనిషి అవుతారు. చెవి దగ్గర పెట్టుకుని ఊపుతారు. ఆకాశం వైపు ఎత్తి తొంగి చూస్తారు. ఫోన్ టార్చి వేసి లోపల ఫంగస్ కోసం వెతుకుతారు. కొందరు వాసన కూడా చూస్తారు, గాజుకు ఏం వాసన ఉంటుందో నాకు తెలియదు. ఖాజాభాయ్ ఈ తతంగమంతా బీడీ కాలుస్తూ ఓపిగ్గా చూసి, “ఒక్కటే చేతి మాల్ సాబ్. డాక్టర్ సాబ్ వాడిండు,” అనేవాడు. ఆ బజార్‌లో అమ్ముడుపోయే ప్రతి వస్తువూ ఒకప్పుడు ఏదో డాక్టరుగారిదే.

నన్ను కొన్న మనిషి పేరు విఠల్. ఐటీఐలో ఫిట్టర్ పాఠాలు చెబుతాడు. గురువారం పొద్దున ఒక గంట పర్మిషన్ పెట్టి బజార్‌కు వచ్చేవాడు. ఇస్త్రీపెట్టె ధర అడగడం, ఊపడం, టార్చి వేయడం అన్నీ అయ్యాక అతను ఒక ప్రశ్న వేశాడు. అలాంటి ప్రశ్న ఇంకెవరూ వేయగా నేను వినలేదు.

“దీంతోని మొహం మెత్తగొస్తదా భాయ్?”

“మక్ఖన్ సాబ్,” అన్నాడు ఖాజాభాయ్.

వెన్నట. నాకు ఒళ్లు మండింది. నెగెటివ్ మీద వెంట్రుక పడితే ఆ వెంట్రుకను కూడా కాగితం మీద నిలబెట్టినదాన్ని నేను. మెత్తదనం మా వంశంలో లేదు. కానీ అమ్మకంలో సరుకు మాట ఎవరు అడుగుతారు. తొమ్మిది వందల దగ్గర మొదలైన నా ధర, విఠల్ రెండుసార్లు వెళ్లిపోయినట్టు నటించాక, మూడు వందల యాభై దగ్గర తేలింది. ఇద్దరి ముఖాల్లోనూ ఎదుటివాణ్ని మోసం చేసిన సంతోషం కనిపించింది.

ఇంటికి వెళ్లగానే విఠల్ నన్ను తన కెమెరాకు బిగించాడు. మర చక్కగా పట్టింది. అదే కొంప ముంచింది. మర పట్టింది కాబట్టి లెన్స్ మంచిదే అనుకుని అరగంట సేపు కుస్తీ పట్టాడు. గోడ, గడియారం, కిటికీ అన్నీ పొగమంచే. దూరం సరిచేసే చక్రం కోసం నన్ను ఎటు తిప్పినా దొరకలేదు. దొరకదు, నాకు ఆ చక్రమే లేదు. ఎన్‌లార్జర్‌లో ఆ పని యంత్రం చేస్తుంది, నేను కదలకుండా కూర్చుంటాను. చివరికి ఫోన్‌లో నా నుదుటి మీద అంకెలు కొట్టి వెతికాడు. చదివి, తనలో తానే చాలాసేపు నవ్వుకున్నాడు. నవ్వినందుకు అతని మీద నాకు మొదటిసారి ఇష్టం కలిగింది.

ఇంకొకరైతే నన్ను పేపర్‌వెయిట్ చేసేవారు. విఠల్ ఫిట్టర్. రెండు వారాల్లో అదే బజార్ నుంచి ముడతల తోలు గొట్టం ఒకటి తెచ్చాడు. హార్మోనియం తిత్తిలా సాగుతుంది, ముడుచుకుంటుంది. దాన్ని బెలోస్ అంటారు. ఐటీఐ లేత్ మిషన్ మీద ఒక ఇత్తడి ఉంగరం చెక్కి, గొట్టానికి ఒక చివర కెమెరాను, ఇంకో చివర నన్ను బిగించాడు. సాగదీస్తే చీమ కాలి మీది నూగు కనిపించింది. మొత్తం నొక్కేస్తే ఎదురింటి డాబా మీద ఆరేసిన చీర అంచు కనిపించింది. రిటైరైనదాన్ని మళ్లీ ఉద్యోగంలోకి వచ్చాను. కొన్నాళ్లు ఉప్పురాళ్లు, గడియారం పళ్లు, చీమలు తీశాడు. తరవాత అల్మారాలో పెట్టేశాడు.

అల్మారాలో నాకంటే ముందు వచ్చినవి పది లెన్స్‌లు ఉన్నాయి. అన్నీ బేరాలే. వాటిని చూశాక విఠల్ వెర్రి ఏమిటో నాకు అర్థమైంది. ఒకదానికి లోపల మసక, ఒకదానికి ముందు గాజు అరిగింది, ఒకదాని అంచున విఠలే వాసలీన్ పూసి ఉంచాడు. అన్నీ మెత్తని లెన్స్‌లు, ముఖం మీద గీతలూ మచ్చలూ కలిపేసి వెలుతురు పూత పూసేవి. ఈ పదింటినీ తొమ్మిదేళ్లలో అతను ఒక్క మనిషి కోసం కొన్నాడు. ఆ మనిషి అతని భార్య పుష్పలీల.

లీల అతని మేనమామ కూతురే. సిటీ బస్సులో కండక్టర్. పదకొండేళ్ల కింద ఆమె పెదవి చివర చిన్న తెల్ల మచ్చ పడింది. తరవాత కళ్ల చుట్టూ, బుగ్గ మీద, చేతుల మీద. బొల్లి. నొప్పి ఉండదు, అంటుకోదు. ఆ సంగతి డాక్టర్లకు తెలుసు, ప్రయాణికులకు తెలియదు. కొందరు చిల్లర ఆమె చేతిలో పెట్టకుండా సంచి మీద జారవిడుస్తారు. “అంటుకోదన్నా, టికెట్ తీస్కో,” అని ఆమె నవ్వుతూనే అంటుంది. బస్సులో ఆమె నోటికి ఎదురు లేదు. ఫోటో అంటే మాత్రం పక్కకు తప్పుకుంటుంది. ఎవరైనా ఫోన్ ఎత్తితే నీళ్లు తేవడానికో పొయ్యి ఆర్పడానికో లేచి వెళ్లిపోతుంది. ఒకసారి విఠల్ గట్టిగా అడిగితే, “బస్సుల సూశెటోల్లు స్టాపొస్తె దిగిపోతరు బావా. ఫోటోల సూశెటోల్లు దిగరు,” అంది.

అతను దాన్ని సిగ్గు అనుకున్నాడు. తొమ్మిదేళ్లుగా ఆమె ముఖం ఒక్క ఫోటోలోనూ లేదు. చిన్నప్పుడు మామిడికాయ కొరుకుతున్న లీల ఉంది, పెండ్లినాటి లీల ఉంది, ముప్పై మూడేళ్ల లీల దగ్గర ఆగిపోయింది. ఇంకా తీయకపోతే ఆమె నడివయసంతా ఎక్కడా లేకుండా పోతుందని అతని దిగులు. మచ్చలు కనబడకుండా తీసే లెన్స్ దొరికితే ఆమె ఒప్పుకుంటుందని ఆశ. ఆ ఆశతో ప్రతి గురువారం ఖాజాభాయ్ ముందు చతికిలబడేవాడు. పాపం, లీలను అడగవలసిన ప్రశ్నను ఖాజాభాయ్‌ను అడుగుతూ వచ్చాడు.

ఇలా ఉండగా లీలకు తెల్లవారుజాము డ్యూటీ పడింది. డిపో దగ్గర చిన్న పోర్షన్ చూసుకుని మారాలనుకున్నారు. అక్కడ ఒక్కటే అల్మారా.

“ఒక్క చెప్పుల డబ్బాల పట్టేంత ఉంచుకో బావా,” అంది లీల. “మిగిలింది అమ్ముతవో, పంచుతవో నీ ఇష్టం.”

ఆదివారం మధ్యాహ్నం విఠల్ నేల మీద దుప్పటి పరిచి మమ్మల్నందరినీ వరసగా పెట్టాడు. ఏది ఉంచుకోవాలి అన్న ప్రశ్న దగ్గర మనుషుల తెలివి ఎలా పనిచేస్తుందో ఆ రోజు దగ్గరగా చూశాను. ఇది అమ్మడానికి వీల్లేదు, మళ్లీ దొరకదు. ఇది అమ్మినా రూపాయి రాదు, కాబట్టి ఉంచుకోవాలి. ఇది మూడేళ్లుగా ముట్టుకోలేదు, ఒక్కసారైనా వాడకుండా ఎలా అమ్మడం. మూడు గంటలు గడిచేసరికి అమ్మే కుప్పలో ఉన్నది ఒక్కదాన్నే. నేను. కోపం రాలేదని చెప్పను.

లీల రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చి, దుప్పటి అంచున కూర్చుంది. చుట్టూ చూసింది.

“పొద్దటిసంది గిదొక్కటేనా తేలింది?”

విఠల్ తల గోక్కున్నాడు. తరవాత ధైర్యం చేసి అడిగాడు. “ఒక్కసారి కిటికీ కాడ కూసో లీలా. ఒక్కొక్క దాంతోని ఒక్కొక్క ఫోటో. ఏది మంచిగొస్తె గదే ఉంచుకుంట. మచ్చలు అస్సలే కనబడయి. నాది జిమ్మెదారి.”

ఆమె గ్లాసు కింద పెట్టింది.

“కనబడొద్దని ఎవరన్నరు బావా?”

విఠల్ దుప్పటి మీది లెన్స్ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

“మంజుల పెండ్లి ఆల్బమ్ యాదికుందా?” అంది.

మంజుల ఆమె చెల్లెలు. తొమ్మిదేళ్ల కిందటి పెండ్లి. ఆ ఆల్బమ్‌లో లీల ముఖం మీద ఒక్క మచ్చ లేదు. కంప్యూటర్‌లో పెట్టి బుగ్గలూ కళ్లూ పెదవులూ అంతా ఒకే రంగు పూశారు. చుట్టాలు పేజీ పేజీకీ ఆగి, లీల ఎంత మంచిగ వచ్చిందో అని మెచ్చుకున్నారు. లీల ఆ పేజీల్లో తనను తాను వెతుక్కుంది. ఆ తరవాత ఇక ఫోటో దిగలేదు.

విఠల్ చేతిలోని లెన్స్‌కు మూత బిగించి కింద పెట్టాడు.

“ఆ ఫోటోగ్రాఫర్ తప్పు లేదు లీలా,” అన్నాడు. “నేనే చెప్పిన. జర మంచిగ చెయ్యి, మచ్చలు తీసెయ్యి అన్న. నీకు బాధయితదని చెప్పిన.”

“నాకెర్కే.”

“ఎప్పటిసంది?”

“ఆల్బమ్ తెచ్చిన్నాడే. నా మొహం యాడబోయిందన్నా అని ఆయననే అడిగిన. మీ సారే తీసెయ్యమన్నడమ్మా అన్నడు.”

ఆమె గొంతు పెంచలేదు. బస్సులో పూట పూటా అంతకంటే పెద్ద మాటలు పడి, తిప్పికొట్టి వచ్చే మనిషి. ఇక్కడ ఆ కండక్టర్ గొంతు లేదు.

“ఎవడో తీసేస్తె నేనెందుకు బాధపడ్త బావా. గసుంటోల్లను దినాం సూస్త. చిన్నప్పటిసంది నన్ను సూశినోడివి, నువ్వు తీసెయ్యమన్నవు గదా.”

ఆ మాటకు గదిలో ఉన్న పదకొండు గాజుకళ్లలో ఒక్కదానికీ దిక్కు తోచలేదు. విఠల్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అతని కళ్ల వెంట నీళ్లు కారాయి. తుడుచుకోవడానికి చేతికి దొరికింది లెన్స్ గుడ్డ.

“తొమ్మిదేండ్లు ఎందుకు చెప్పలే?”

“నువ్వే చెప్తవని సూశిన.”

కింద వీధిలో ఉల్లిగడ్డల బండి మైకులో అరుచుకుంటూ వచ్చి, వెళ్లిపోయింది. లీల చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసి, దుప్పటి మీద ఒక్కొక్క లెన్స్‌నూ చేత్తో పక్కకు జరిపింది. అవన్నీ తన కోసమే కొన్నాడని ఆమెకు తెలుసు. అందుకే విసిరేయలేదు, జరిపింది.

“గిన్ని కొన్నవు. వీటిల్ల ఉన్నదున్నట్టు సూపెట్టేది ఒక్కటన్న ఉన్నదా?”

విఠల్ చూపు మెల్లగా అమ్మే కుప్ప వైపు తిరిగింది.

నన్ను బిగించేటప్పుడు మర రెండుసార్లు తప్పింది. లీల స్టూలు మీద కూర్చుంది. కొంగు సర్దుకోలేదు, పౌడర్ రాసుకోలేదు. మొదట కిటికీలోంచి బయటికి చూసింది. తరవాత తల తిప్పి నేరుగా నన్ను చూసింది.

మీకు ఇది చిన్న సంగతే కావచ్చు. వేల ముఖాలను కాగితం మీద పెద్దవి చేశాను. అవన్నీ ఎప్పుడో ఎక్కడో ఇంకో లెన్స్‌ను చూసిన ముఖాలు. నన్ను చూస్తూ ఒక మనిషి కూర్చోవడం అదే మొదలు. నాకు భయమేసింది. ఈ ముఖాన్ని పాడుచేస్తే ఇంకో అవకాశం రాదని నాకు తెలుసు, విఠల్‌కూ తెలుసు. కళ్ల చుట్టూ తెలుపు, కనురెప్పల దగ్గర సన్నని గోధుమరంగు గీత, ఎడమ బుగ్గ మీద ఆరిన చెరువు అంచులా వంకరగా సాగిన హద్దు, ఆ హద్దు పక్కన నవ్వితే పడే గుంట. అన్నీ చూశాను. నాకు చేతనైనది అదొక్కటే.

మొదటి ఫోటో చెదిరిపోయింది. రెండోది నిలిచింది.

లీల కెమెరా తెర మీద ఆ ఫోటోను చాలాసేపు చూసుకుంది. మీట నొక్కి పెద్దది చేసి, కన్నూ బుగ్గా పెదవీ ఒక్కొక్కటే పలకరించినట్టు వెళ్లింది. గడ్డం దగ్గర ఆగింది.

“గీడ కొత్తది మొదలైంది. సూశినవా?”

“సూశిన,” అన్నాడు విఠల్. “ఉగాదిసంది ఉన్నది.”

ఆమె అతని ముఖంలోకి చూసింది. అద్దంలో రోజూ చూసుకునే తనకే ఇవాళ కనబడిన మచ్చ అది. శనగగింజంత కూడా లేదు.

“దీన్ని ఉంచు,” అంది నన్ను చూపిస్తూ.

మిగిలిన పదింటినీ తరవాతి ఆదివారం ఒక కుర్తా ఆయన వచ్చి, ఊపి, టార్చి వేసి, వాసన చూసి తీసుకుపోయాడు. పోతూ నన్ను చూసి, “అది ఎన్‌లార్జర్‌ది గదా. ఊకిచ్చినా వద్దు,” అన్నాడు. విఠల్ ఊరికే కూడా ఇవ్వలేదు. కొత్త పోర్షన్‌లో నేనూ, తిత్తీ, కెమెరా ఒక చెప్పుల డబ్బాలో సర్దుకున్నాం. మిగిలిన మూలలో లీల తన రబ్బరు బ్యాండ్లూ పెన్నులూ వేసుకుంది. విఠల్ గురువారం పర్మిషన్ పెట్టడం మానలేదు. ఖాజాభాయ్ దగ్గర చాయ్ తాగి వస్తాడట. కొనడంలేదని ప్రమాణం చేశాడు, నమ్మాలో లేదో నాకు ఇంకా తెలియదు.

మారిన నాలుగు నెలలకు ఒక మధ్యాహ్నం లీల డ్యూటీ దిగి వచ్చింది. భుజానికి సంచి అలాగే ఉంది. విఠల్ వంటింట్లో పచ్చిమిరపకాయలు తరుగుతున్నాడు.

“బావా, కనుబొమ్మ గూడ తెల్లగైతున్నది. బస్సు అద్దంల సూసుకున్న,” అంది. “ఫోటో తియ్యి.”

అతను చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆమె స్టూలు తెచ్చుకుని, వెలుతురుకు ఎదురుగా వేసుకుని కూర్చుంది.